బట్టమేకను ఎవరూ తినలేదు

హొళగుంద పక్క పల్లెవాళ్ళు బట్టమేక పిట్టను పట్టి కోసుకుని తిన్నారని, ఆ దెబ్బకు మా నాయన మనసు విరిగి జనానికి పిట్టలు చూపించడమే మానుకున్నాడని ఆదోనిలో ఒక కథ నడుస్తూ ఉంది. అది అబద్ధం. చెప్పేవాళ్ళలో ఒక్కరు కూడా ఆ పొద్దు ఆ బీడులో లేరు. కొందరైతే అప్పటికి పుట్టనే లేదు. అయినా ఎంత వివరంగా చెబుతారంటే, కూరలో ఏమేం వేసినారో, ఎన్ని ఇళ్ళకు పంచుకున్నారో కూడా చెబుతారు. పల్లెవాళ్ళు తిన్నారంటే నమ్మడం సులువు. చదువుకున్నవాళ్ళ చేతిలో చెడిందంటే ఎవరికీ నోరు రాదు.

మొన్న మా నాయన పనిచేసిన బడిలో పాత విద్యార్థులు ఆయన పేరు మీద ఒక సభ పెట్టినారు. నన్ను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పినారు. ఆయన శిష్యుడొకాయన, ఇప్పుడు రిటైరైన పెద్దమనిషి, గొంతు వణికించుకుంటూ చెప్పినాడు: "మాస్టారు ప్రాణంగా చూసుకున్న పక్షిని ఆ అజ్ఞానులు ఒక్కపూట కూర చేసుకున్నారు." సభంతా అయ్యో అంది. నేను లేచి మైకు నా దిక్కు తిప్పుకుని, "ఎవరూ తినలేదు. మీరు చూసినారా?" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. నవ్వుతూ, "అయితే ఏమైందో మీరే చెప్పండమ్మా, అందరం వింటాం" అన్నాడు. నేను చెప్పలేదు. ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠం చెప్పినదాన్ని, ప్రిన్సిపాళ్ళతో, యూనియన్లతో, సొంత ఆడబిడ్డలతో పోట్లాడి గెలిచినదాన్ని, ఆ మైకు ముందు నిలబడి "ఎవరూ తినలేదు" అని ఇంకోసారి మాత్రం అని కూర్చున్నాను. వెంటనే వందన సమర్పణ మొదలుపెట్టినారు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మా నాయన ప్రకృతిశాస్త్రం చెప్పేవాడు. ఊర్లో ఆయనకు 'పిట్టల అయ్యవారు' అని పేరు. గౌరవంగా పెట్టిన పేరేం కాదు. మొదట నలుగురు పిల్లల్ని ఆదివారం పూట ఆదోని కొండ మీదికి తీసుకుపోయినాడు. తర్వాత బ్యాంకులో పనిచేసేవాళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, ఎమ్మిగనూరు నుంచి కొందరు లెక్చరర్లు చేరినారు. చివరకు నెలకు రెండు ఆదివారాలు, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా తిరిగే ఒక వ్యవహారంగా తయారయింది. పొద్దున హొళగుంద దగ్గర నల్లరేగడి బీడు. ఎండెక్కినాక కాలవ వెంబడి వరిమళ్ళు, నీళ్ళ మడుగులు. సాయంత్రానికి బస్సులో వెనక్కి వచ్చి ఆదోని కొండలు. "పిట్టను చూసేదంటే దాని సంసారం చూసేదిరా. అది యాడ తింటుంది, యాడ నిద్రపోతుంది చూడాల. బొమ్మ చూసేదానికి పుస్తకం చాలు" అనేవాడు. ఒక్క రోజులో మూడు దేశాలు తిరిగొస్తామని చెప్పి కొత్తవాళ్ళను ఊరించేవాడు.

ఆ మూడు దేశాలకూ సరంజామా శనివారం సాయంత్రమే మా ఇంట్లో మొదలయ్యేది. నాయనవన్నీ తెల్ల చొక్కాలు. బీడులో తెల్ల బట్ట కదిలితే మైలు దూరం నుంచే పిట్టలు లేచిపోతాయి. అందుకని అమ్మ పెరట్లో రాగి అండాలో తుమ్మచెక్క వేసి ఉడికించి, ఆ నీళ్ళలో చొక్కాలు ముంచి గోధుమరంగు తెప్పించేది. ఆ వగరు వాసన రెండు రోజులు ఇల్లు వదిలేది కాదు. మా అవ్వ, నాయనకు తల్లి, మడి కట్టుకుని వంటింటి గడపలో నిలబడి, "నా కొడుకు నల్లగనే ఉండాడు కదే, చొక్కా లేకుండా పొమ్మను, ఏ పిట్టకూ కనపడడు" అనేది. అన్నా, తనే అవలక్కి, అంటే అటుకులు, వేయించి, అందులో పుట్నాలు, ఎండుకొబ్బరి ముక్కలు, కరివేపాకు వేసి డబ్బాకు ఎత్తేది. అమ్మ జొన్న రొట్టెలు కాల్చి వేరుశనగ బుడ్డల పొడి మధ్యలో పెట్టి గుడ్డలో చుట్టేది. ఆ టిఫిన్ క్యారియర్ ఒకసారి గడప దాటితే మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. చింతపండుతో, బూడిదతో తోమి, పెరటి గోడ మీద ఒక రోజంతా ఎండలో నిలబెట్టినాకే అవ్వ దాన్ని క్షమించేది. నాయన మెడలో వేసుకునే దుర్భిణికి కూడా అదే శిక్ష వేయాలని చూసింది గాని, అద్దాలు పగులుతాయని నాయన కాళ్ళావేళ్ళా పడి తప్పించుకున్నాడు. "మీ నాయనకు పిట్టల పిచ్చి, నీకు మీ నాయన పిచ్చి" అని నన్ను తిట్టేది. అది మాత్రం నిజం. నేను అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఒక్క ఆదివారం తప్పకుండా పోయేదాన్ని.

బీడులో మాకు దారి చూపించేవాడు ఈరన్న. గొర్రెలు కాసుకునే మనిషి. నలభై దాటి ఉంటాయి. మొదటి బస్సు దిగేసరికి గొంగడి భుజాన వేసుకుని, మందను రోడ్డు పక్కన నిలిపి కాచుకుని ఉండేవాడు. ఆయన పిట్టలు చూపించే పద్ధతి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. మనుషులు నడిచివస్తే బట్టమేక పరుగందుకుంటుంది, గొర్రెలంటే దానికి లెక్కలేదు. అందుకని మమ్మల్నందరినీ మందలో కలిపేసేవాడు. పళ్ళ డాక్టరు, బ్యాంకు క్యాషియరు, మా నాయన, నేను, నడుములు వంచి గొర్రెల మధ్యలో, వాటితో పాటే ఆగుతూ, వాటితో పాటే కదులుతూ పోవాలి. ఉన్ని కంపు, దుమ్ము, మోకాళ్ళకు తగిలే వెచ్చటి డొక్కలు. "అంత బిరబిర యాడికి పోతాండావప్పా డాక్టరప్పా? గొర్రె మాదిరి పో. మేసుకుంటా పో" అనేవాడు ఈరన్న. వేలు పెట్టి చూపించేవాడు కాదు. గడ్డం ఎత్తి ఆ దిక్కు చూసేవాడు, అంతే. మేం ఆ గడ్డం వెంబడి చూపు పోనిస్తే అక్కడ ఉండేది: మనిషి నడుమంత ఎత్తు పిట్ట, పొడుగాటి తెల్ల మెడ, నెత్తిన నల్ల టోపీ పెట్టినట్లు ఈకలు, తనిఖీకి వచ్చిన అధికారి మాదిరి ఒక్కో అడుగూ ఆలోచించి వేసే నడక. మేం బట్టమేక అంటాం. ఈరన్న కన్నడంలో ఎరెబూత అనేవాడు, రేగడి నేల భూతమని. నిజంగానే అది ఉన్నచోట ఉన్నట్లే ఉండి, కన్ను మూసి తెరిచేలోగా గడ్డిలో కలిసిపోయేది.

పన్నెండింటికి కాలవ గట్టున గుడ్డలు విప్పేవాళ్ళం. రొట్టె తింటుంటే మడుగులో నారాయణ పక్షులు ఒంటికాలి మీద నిలబడి మమ్మల్ని చూసేవి. లకుముకి పిట్ట నీళ్ళలోకి రాయి పడ్డట్లు పడి చేపతో లేచేది. సాయంత్రం కొండ ఎక్కేసరికి బండలు ఇంకా ఎండను పట్టుకునే ఉండేవి, చెయ్యి పెడితే అప్పుడే దించిన పెనం మాదిరి. అక్కడ పిగిలిపిట్టల గోల. సంధ్యవేళకు పెద్ద గూబ ఒకటి బండ నెరియలోంచి బయటికి వచ్చి, కొమ్ముల్లాంటి చెవులు నిక్కించి, ఊరి దీపాలు ఒక్కొక్కటే వెలగడం చూస్తూ కూర్చునేది. నాయన దాన్ని చూపించి, "మన మునిసిపాలిటీ ఛైర్మను" అనేవాడు. ఇంటికి వచ్చేసరికి కాళ్ళు మనవి కావు. అయినా ఆ రోజుల్లో నాకు తెలిసిన సుఖం అదే.

ఆ ఏడు వానలు మొదలైనాక ఈరన్న ఒక మాట మోసుకొచ్చినాడు. బట్టమేక గుడ్డు పెట్టింది. అది ఏడాదికి ఒక్కటే పెడుతుంది. గూడు లేదు, పాడు లేదు, ఉత్త నేల మీద పెట్టి పొదుగుతుంది. నన్నూ నాయననూ మందలో కలిపి తీసుకుపోయి దూరం నుంచి గడ్డంతో చూపించినాడు. దాని ఆనవాలుకు యాభై అడుగుల ఇవతల రెండు రాళ్ళు పెట్టినాడు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. చుట్టూ అలాంటి రాళ్ళు వంద ఉన్నాయి. తెలిసినవాడికి తప్ప అది గుర్తని తెలియదు. నాయన ఆ రోజే మద్రాసులో ఒక పెద్దాయనకు ఉత్తరం రాసినాడు. పిట్టల శాస్త్రం తెలిసినవాడు, నాయన ఆయనకు ఏళ్ళ తరబడి కార్డులు రాస్తుండేవాడు, ఆయన జవాబులు రెండో మూడో వచ్చినాయి. ఈసారి వెంటనే వచ్చింది: పదిహేను రోజుల్లో ఆదివారం నాటికి వస్తున్నాను. నాయన ఆ ఉత్తరాన్ని స్టాఫ్‌రూములో అందరికీ చూపించినాడు. పిట్టల అయ్యవారని నవ్వినవాళ్ళు ఆ వారం నవ్వలేదు.

నడుమ ఒక ఆదివారం ఉంది. ఎమ్మిగనూరు వాళ్ళు ఆరుగురు వస్తామన్నారు. నాయనకు జ్వరం. ఈరన్న మందను వేరే ఊర్లో రైతు పిలుచుకున్నాడు, రాత్రిళ్ళు పొలంలో మంద నిలిపితే ఎరువు పడుతుందని. కాబట్టి ఆయనా రాడు. "నువ్వు తీసుకుపోయి కౌజుల్ని, పూరేళ్ళను చూపించి కాలవ కాడికి తోలుకుపో. గుడ్డు దిక్కు పోవద్దు" అని నాయన నాకు మరీ మరీ చెప్పినాడు. నేను పోయినాను. నేరుగా గుడ్డు దిక్కే పోయినాను. నాకు తెలిసింది ఎదుటివాళ్ళకు చూపించకుండా ఉండడం నాకు అప్పుడూ చేతకాదు, ఇప్పుడూ చేతకాదు. రాళ్ళు కనపడలేదు. గంటసేపు ఎండలో గుండ్రంగా తిప్పినాను. ఆ లెక్చరర్లలో ఒకాయన చేతిరుమాలు నెత్తికి కట్టుకుని, "పాపా, ఇది పిట్టల్ని మాకు చూపించే యాత్రనా, మమ్మల్ని పిట్టలకు చూపించే యాత్రనా?" అన్నాడు. బస్సెక్కేదాకా అదే మాట చెప్పుకుని నవ్వినారు. నాకు తల కొట్టేసినట్లయింది. దాని మీద ఇంకో భయం పట్టుకుంది. నాయన చూపు అప్పటికే మందగించింది. వచ్చే ఆదివారం మద్రాసు పెద్దాయన ముందు ఆయనా ఇట్లే గుండ్రంగా తిరిగితే?

మంగళవారం ఈరన్న ఏదో పని మీద ఆదోని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. అవ్వ గడప లోపల నిలబడి, పైనుంచి మజ్జిగ పోస్తే దోసిట్లో తాగినాడు. నేను ఎదురుగా కూర్చుని, "ఆ రాళ్ళకు సున్నం పూద్దాం" అన్నాను.

"వద్దు పాపా."

"ఏం? పిట్టకు తెలుపంటే భయమనా? తెల్ల చొక్కా కదుల్తుంది కాబట్టి భయం. రాయి కదలదు కదా. నిలబడిన రాయిని చూసి అదెందుకు పారిపోతుంది, చెప్పు?"

"పిట్టకు కాదు పాపా…"

"మరి ఎవరికి?"

"ఊర్లో వాండ్లు…"

"ఊర్లో వాళ్ళకు రాయంటే భయమా? గొర్రెలకు కూడా లేదే."

ఆయన నవ్వినాడు. "నీతో మాట్లాడి గెల్సేదెట్ల పాపా" అని గొంగడి దులుపుకుని లేచి, బస్సు టైమైందని పోయినాడు. నేను గెలిచినాననుకున్నాను. వాదంలో ఎదుటి మనిషి ఊరకుంటే ఒప్పుకున్నట్లేనని ఆ వయసులో నా నమ్మకం. ఊరకున్నవాళ్ళు ఎందుకు ఊరకున్నారో అడిగే అలవాటు నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

బుధవారం కాలేజీలో ప్రాక్టికల్స్ అని చెప్పి, శ్రావణమాసానికి గోడలకు కొట్టగా మిగిలిన సున్నాన్ని డబ్బాలో పోసుకుని, ఈత కుంచె ఒకటి సంచిలో పెట్టుకుని మొదటి బస్సు ఎక్కినాను. ఆ రోజు బుర్ర నిమ్మళంగా పెట్టి వెతికితే రాళ్ళు దొరికినాయి. రెండింటికీ పూసినాను. అంతటితో ఆగలేదు. బండిబాట నుంచి ఆ రాళ్ళ దాకా యాభై అడుగులకొకటి చొప్పున ఇంకో ఐదు రాళ్ళు ఏరి, నిలబెట్టి, వాటికీ పూసినాను. గీత గీసినట్లు వచ్చింది. వెనక్కి తిరిగి చూసుకుని మురిసిపోయినాను. కుంచె సగంలో విరిగితే చేత్తోనే పూసినాను, ఘాటు సున్నం తగిలి వేళ్ళ సందులు పొక్కిపోయినాయి. కెమిస్ట్రీ ల్యాబులో యాసిడ్ పడిందని అమ్మకు చెబితే కొబ్బరినూనె రాసింది.

ఇప్పుడు చెబుతాను, ఈరన్న చెప్పబోయి నేను చెప్పనివ్వనిది. ఆ బీడు ఎవరి పేరు మీదా లేదు. సర్కారు బంజరు. ఐదారు కుటుంబాలు వాన బాగా పడితే అందులో కొర్రలు చల్లుకునేవి, లేకపోతే గొర్రెల్ని మేపుకునేవి. అంతకు రెండేళ్ళ ముందు పిల్లకాలవ తవ్వడానికి వచ్చినవాళ్ళు ఇట్లే సున్నం పూసిన రాళ్ళు వరసగా నిలబెట్టి పోయినారు. ఆరు నెలల్లో ఆ వరస వెంబడి ఉన్న నేలంతా పోయింది. పట్టా ఉన్నవాళ్ళకు ఏదో ఒకటి దక్కింది. లేనివాళ్ళను, నువ్వు సాగు చేస్తున్నావని రుజువేమిటి అని అడిగినారు. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల నిలబెట్టిన తెల్లరాయి అంటే ఒకటే అర్థం. దానికి తోడు గోధుమరంగు చొక్కాలేసుకుని, మెడలో దుర్భిణులతో, చేతిలో నోటు పుస్తకాలతో ఏడాదిగా ఆ బీడులో తిరుగుతున్నవాళ్ళం మేము. పిట్టల్ని చూడ్డానికి చదువుకున్నవాళ్ళు బస్సు ఎక్కి వస్తారని ఆ ఊర్లో ఒక్కరైనా నమ్మినారా అని నేను ఏ రోజూ అనుకోలేదు.

బుధవారం సాయంత్రమే, సున్నం ఆరి రాళ్ళను పట్టుకున్నాక, వాన పడింది. శుక్రవారం పదును కుదరగానే ఊరంతా ఎడ్లు కట్టింది. సర్కారోళ్ళు వచ్చేలోగా అది సాగునేలగా కనపడాలి.

ఆదివారం మద్రాసు పెద్దాయన రైలు దిగినాడు. బక్కపల్చటి మనిషి, నెమ్మదస్తుడు. అవ్వ ఇచ్చిన బొరుగుల ఉగ్గాని రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. నాయన కొత్తగా రంగు వేసిన చొక్కా తొడుక్కుని, బస్సులో దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయనను అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. బస్సు దిగితే ఈరన్న ఒక్కడే ఉన్నాడు. మంద లేదు.

"కాలవ కాడికి పోదాం పాండి సామీ. ఆడ కొంగలుండాయి" అన్నాడు.

"ముందు గుడ్డు చూద్దాం ఈరన్నా" అన్నాడు నాయన.

ఈరన్న ముందు నడిచినాడు. బండిబాట మలుపు తిరిగినాక బీడు లేదు. కంటికి ఆనినంత దూరం నల్లగా, తడిగా, కొత్తగా దున్నిన నేల. తెల్లరాళ్ళు ఏడూ గట్టు మీద పద్ధతిగా పేర్చి ఉన్నాయి. గట్టున కూర్చున్న నలుగురైదుగురిలోంచి బసప్ప అనే రైతు లేచి, టోపీ పెట్టుకున్న మద్రాసు ఆయనే అధికారి అనుకుని చేతులు కట్టుకుని నిలబడినాడు.

"మీ రాళ్ళు ఈడుండాయి సామీ. మేం పారెయ్యలే. ఒక్కటి కూడా పోలే, లెక్క సూసుకోండి. ఈ నేల మేం దున్నుకుంటాండాం, మా తాతల కాలం నుంచీ దున్నుకుంటాండాం. కండ్లతో సూస్తాండారు కదా, అట్లే రాసుకోండి."

నాయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మద్రాసు ఆయనకు ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయినాడు. ఈరన్న నడుముకు కట్టిన రుమాలు విప్పి చూపించినాడు. మట్టి అంటుకున్న గుడ్డు పెంకు ముక్కలు, పాచిరంగువి, మూడో నాలుగో. "నిన్న ఊర్నుంచి వచ్చి సూస్తే ఇంతే ఉండాది" అన్నాడు.

పెద్దాయన ఆ ముక్కల్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, ఈ రాళ్ళకు సున్నం పూసింది ఎవరని అడిగినాడు. నాయన తెలుగులో మళ్ళీ అడిగినాడు. నేను చేతులు ఓణీ కింద దాచుకున్నాను. నోరు తెరిచినాననే అనుకుంటాను. ఆలోగా ఈరన్న అన్నాడు: "నేనే పూసినా అప్పా. మీకు కండ్లు సరిగ్గా ఆనవు కదాని."

మా నాయన కోపిష్టి కాడు. బడిలో బెత్తం ముట్టని అయ్యవారు. ఆ పొద్దు ఊరివాళ్ళందరి ముందు ఈరన్నను అన్న మాటలు నేను పూర్తిగా రాయలేను. చదువు లేనివాడి చేతికి అప్పగించినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల, అన్నది వాటిలో చిన్నది. ఈరన్న తల దించుకోలేదు, ఎత్తనూ లేదు. గట్టు దిక్కు చూస్తూ నిలబడినాడు. నేను అక్కడే, నాయన పక్కనే ఉన్నాను. ఒక్క మాట చాలు. ఇప్పుడు కాదు, బస్సులో చెబుతాననుకున్నాను. బస్సులో, ఇంటికి పోయినాక అనుకున్నాను. నాయన ఇంకో ఇరవై ఏళ్ళు బతికినాడు.

బసప్ప వాళ్ళు కూడా ఆ మాట విన్నారు. రాళ్ళు ఈరన్న పెట్టినాడన్నమాట, అంటే బయటివాళ్ళతో కలిసి ఊరి నేలకు ఎసరు పెట్టింది వీడేనన్నమాట. ఆ ఏడు పంటలు కోసినాక ఆ ఊర్లోగాని, చుట్టుపక్కల నాలుగు ఊర్లలోగాని, ఒక్క రైతు కూడా ఈరన్న మందను తన పొలంలో నిలపమని పిలవలేదు. గొర్రెలవాడిని పిలవకపోవడమంటే ఏమిటో పట్నంవాళ్ళకు చెప్పాలి: మందకు మేత లేదు, మనిషికి గింజ లేదు, నీళ్ళ దగ్గర పలకరింపు లేదు. మంద తోలుకుని ఏటి అవతల సిరుగుప్ప దిక్కు వెళ్ళిపోయినాడని పాలామె ద్వారా మాకు తెలిసింది. నాయన విని, "పోనీ" అన్నాడు.

ఆదివారాలు ఆగిపోయినాయి. రంగు చొక్కాలు అమ్మ ఇల్లు తుడిచేదానికి చించింది. అవ్వకు పొద్దుపోక, శనివారం సాయంత్రం అవలక్కి వేయించి డబ్బాకు ఎత్తేది. ఆ నెలలోనే ఎమ్మిగనూరు లెక్చరరు, ఆ పిట్టల యాత్ర మాటన్న ఆయనే, పల్లెవాళ్ళు బట్టమేకను తినేసినారట అని మొదలుపెట్టినాడు. ఇంటికి వచ్చినవాళ్ళు నన్నే అడిగేవాళ్ళు, నిజమేనా అని. నేను కాదనలేదు. కాదంటే, మరి ఏమైంది అని అడుగుతారు. ఆ అబద్ధాన్ని మొదలుపెట్టింది నేను కాదు. నలభై ఏళ్ళు అన్నం పెట్టి పెంచింది మాత్రం నేనే.

సభ జరిగిన మరుసటి రోజు హొళగుంద బస్సెక్కినాను. దారిలో ఒక కారు ఆగి ఉంది, బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు. పొద్దున మైదానం, మధ్యాహ్నం నీళ్ళు, సాయంత్రం కొండ, ఒక్క రోజులో అన్నీ చూపిస్తామని వాళ్ళను ఎవరో తీసుకొచ్చినారు. మా నాయన పద్ధతే. మొహానికంటే పెద్ద కెమెరాలు, పిట్ట అరుపులు వినిపించే ఫోన్లు, ఆకురంగు టోపీలు. ఎవరికీ తుమ్మచెక్క ఉడికించే పని లేదు. నడుము వంచి గొర్రెల మధ్య నడిచే పని లేదు. ఏ కొరతా లేదు, పిట్ట తప్ప. బీడు ఉన్నచోట మిరప, పత్తి, నల్ల పైపులు. బసప్ప మనవళ్ళకు పట్టాలు వచ్చినాయట. వాళ్ళను నేను ఒక్క మాట అనను. దున్నకపోతే వాళ్ళకు ఏమీ మిగిలేది కాదు.

ఈరన్న చనిపోయి పదేళ్ళయింది. చివరి రోజుల్లో ఊరికి తిరిగివచ్చినాడు. భార్య లింగమ్మ ఉంది, ఎనభై దాటినాయి, కళ్ళు బాగానే ఉన్నాయి. నేను పేరు చెప్పకముందే, "నువ్వు అయ్యవారి పాపవి కదా. కిందా మీదా చూడకుండా వచ్చి కూసున్నప్పుడే అనుకొన్యా" అంది. బొరుగులు పెట్టింది. నేను మొత్తం చెప్పినాను. సున్నం నేను పూసినానని, నలభై ఏళ్ళలో మొదటిసారి ఒక మనిషి ముఖం చూసి చెప్పినాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు.

లింగమ్మ బొరుగులు నములుతూ విని, "తెల్సు కదమ్మా" అంది.

"ఈరన్న చెప్పినాడా?"

"సెప్పేదేంది. సూస్తిమి. ఆ పొద్దు నేను బువ్వ తీసకపోయింటి. గుట్ట ఈ పక్క మంద ఆపుకోని ఇద్దరం సూస్తాంటిమి, నువ్వు వంగి వంగి పూస్తాంటివి. పోయి సెప్పకూడదా, ఊర్లో రంపు, కొట్లాట అయితాదని నేనే అంటిని. ఆయప్ప ఉలకలే పలకలే. నువ్వు బస్సుకు పోయినాక తుడ్సొద్దామని లేసినాడు. ఆలోపల రైతు మనిషి వచ్చి మందను మళ్ళా తోలుకోని రమ్మన్యాడు, వాన వస్తాదని. తిరిగొచ్చింది శనివారమే కదా."

"మరి నేను ఉండగానే ఎందుకు కేకెయ్యలేదు?"

"ఏమో తల్లీ. ఆ బూత గుడ్డు మీద అణిగి కూసోనుండె. కేకేస్తే లేస్తాది." బొరుగులు నా దిక్కు జరిపి, "ముందురోజు మీ ఇంటికాడ్నుంచి వచ్చినప్పుడే ఆయప్ప మనసు సరిగ్గ లేకుండె" అంది. అంతకుమించి ఆమెకు తెలియదు. నేను గుచ్చి గుచ్చి అడిగినాను, అలవాటు. తెలియదంటే తెలియదంది.

పొదిగే పిట్టను లేపకూడదని ఊరకున్నాడంటే అది ఈరన్న పని. ఆయన తెలివికి, ఓర్పుకు తగిన పని. నా తప్పు అప్పుడు ఒక్క సున్నం డబ్బా వరకే. కానీ ముందురోజు మా అరుగు మీద మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లూ నా చేత మాట తెంపించుకున్న మనిషి, నాలుగోసారి ఎందుకులే అనుకుని ఉంటే? అరవడానికి ఆయనకు గొంతు ఉంది, గుట్టకూ నాకూ నడుమ వంద గజాలు కూడా లేదు. నాయనను అడగలేను, ఆయనకు తెలియనే తెలియదు. లింగమ్మను అడిగేసినాను. ఇంక అడగాల్సింది ఈరన్ననే: ఆ పొద్దు నీ నోరు కట్టేసింది గుడ్డు మీద కూర్చున్న ఆ పిట్టనా, నేనా?